పిల్లల ఫుట్‌బాల్ జట్టును నడపడం: స్వచ్ఛంద కోచ్‌లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంపిక పోటీలేవీ పెట్టకుండా, పేరు ఇచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకునే ఫుట్‌బాల్ జట్లను చాలాచోట్ల తల్లిదండ్రులే నడుపుతారు. వారికి జీతం ఉండదు; కొందరికి ఆటతో పూర్వ పరిచయం కూడా ఉండదు. అటువంటివారు సీజన్‌కు ముందూ మధ్యలోనూ అడిగే ప్రశ్నలకు సమాధానాలివి. ముఖ్యంగా 6 నుంచి 12 ఏళ్ల పిల్లల జట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

నేను ఎన్నడూ ఫుట్‌బాల్ ఆడలేదు. కోచ్‌గా ఉండవచ్చునా?

ఉండవచ్చు. ఏడేళ్ల పిల్లలకు నేర్పవలసిన ఆట ఎంతో ఉండదు. దానిని పెద్దవారు కొద్ది రోజుల్లో నేర్చుకోగలరు. గంటసేపు పన్నెండుమంది పిల్లలను ఖాళీగా నిలబెట్టకుండా ఆడించడమే కష్టమైన పని. బాగా ఆడి వచ్చినవారిలో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది: తమకు తెలిసినదంతా చెప్పేయాలన్న ఆత్రంతో సాధన సమయంలో సగం మాటలకే ఖర్చు పెడతారు. ఆట తెలియనివారికి ఆ బెడద లేదు.

చాలా దేశాల ఫుట్‌బాల్ సమాఖ్యలు కొత్త కోచ్‌ల కోసం కొన్ని గంటల్లో ముగిసే ప్రాథమిక కోర్సులు నడుపుతున్నాయి. సీజన్ మొదలయ్యేలోపు ఒకటి పూర్తి చేయడం మంచిది. ఆట నియమాలు మొత్తం 17. వాటికంటే ముందు, పిల్లల కోసం మీ లీగ్ చేసుకున్న సవరణలను చదవండి. మ్యాచ్ మధ్యలో మీకు ఎదురయ్యే సందేహాల్లో ఎక్కువ భాగం ఆ సవరణల గురించే ఉంటాయి.

పేరు నమోదు చేసుకునే ముందు లీగ్ నిర్వాహకులను ఏమేమి అడగాలి?

వయసును ఏ తేదీ ఆధారంగా లెక్కిస్తారు, ఒక పక్క ఎంతమంది ఆడతారు, మ్యాచ్ ఎన్ని నిమిషాలు, కనీసం ఎంతమంది ఉంటే మ్యాచ్ మొదలుపెడతారు, మైదానం ఎవరు ఏర్పాటు చేస్తారు, బీమా ఎవరి పేరున ఉంది, కోచ్‌ల పూర్వాపరాల తనిఖీ ఎలా జరుగుతుంది అన్నవి తప్పనిసరిగా అడగాలి. సమాధానాలను లిఖితపూర్వకంగా తీసుకోండి. బీమా విషయంలో "ఉంటుందిలెండి" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. సాధన రోజులకు కూడా వర్తిస్తుందా అని విడిగా అడగండి.

వయసు తేదీ గురించి ఒక మాట. ఏ తేదీ పెట్టినా, ఒకే జట్టులో దాదాపు ఏడాది తేడా ఉన్న పిల్లలు ఉంటారు. ఏడేళ్ల వయసులో ఏడాది అంటే శరీరంలోనూ వేగంలోనూ చాలా పెద్ద తేడా. ఎంపిక ఉండే జట్లలో వయసు లెక్కకు తీసుకునే సంవత్సరపు మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా కనిపిస్తారని అనేక క్రీడల్లో గమనించారు. కాబట్టి మీ జట్టులో వెనకబడినట్టు కనిపించే బిడ్డ పుట్టినరోజును ఒకసారి చూసి, ఆ తర్వాతే అభిప్రాయానికి రండి.

పిల్లలు పదకొండుమందితో ఎందుకు ఆడరు?

పెద్ద మైదానంలో 22 మంది చిన్నపిల్లలను వదిలితే, బలమైన ఇద్దరు ముగ్గురి కాళ్ల దగ్గరే బంతి తిరుగుతుంది. మిగిలినవారు దూరం నుంచి చూస్తూ ఉంటారు. ఒక పక్క నలుగురే ఉన్నప్పుడు బంతి నుంచి తప్పించుకునే వీలు ఎవరికీ ఉండదు. అమెరికా సమాఖ్య 2017లో తప్పనిసరి చేసిన విధానంలో 8 ఏళ్లలోపు వారు నలుగురితో, 9–10 ఏళ్ల విభాగాల వారు ఏడుగురితో, 11–12 ఏళ్ల విభాగాల వారు తొమ్మిదిమందితో ఆడతారు; పదకొండుమంది ఆట 13 ఏళ్ల విభాగంలోనే మొదలవుతుంది. సంఖ్యలు కొద్దిగా మారినా ఇంకా అనేక దేశాల్లో ఇటువంటి మెట్లే ఉన్నాయి.

జట్టులోకి ఎంతమందిని తీసుకోవాలి?

ఏడుగురి ఆటకు పదిమంది చక్కగా సరిపోతారు. పన్నెండు దాటితే బెంచీ మీద గడిపే సమయం ఎక్కువవుతుంది. ఎనిమిదిమందే ఉంటే, ఇద్దరికి జ్వరం వచ్చిన రోజున జట్టు సంఖ్య చాలదు. ఆసక్తి ఉన్న పిల్లలు పద్నాలుగుమంది ఉంటే ఒక్క జట్టులో ఇరికించకుండా, ఇంకొక కోచ్‌ను వెతికి, మరికొందరిని చేర్చి రెండు జట్లు చేయమని లీగ్‌ను కోరండి.

ఏ సామగ్రి కావాలి?

బంతి పరిమాణం ముఖ్యం. సాధారణంగా 8 ఏళ్లలోపు వారికి 3వ నంబరు, 8 నుంచి 12 ఏళ్ల వారికి 4వ నంబరు, ఆపైవారికి 5వ నంబరు బంతి వాడతారు. చుట్టుకొలత 68–70 సెంటీమీటర్లు, బరువు 410–450 గ్రాములు ఉండే 5వ నంబరు బంతిని ఆరేళ్ల బిడ్డ ముందు పెడితే కాలు నొప్పి పుట్టి, తన్నడమే మానుకుంటుంది. సాధనకు ప్రతి బిడ్డకూ ఒక బంతి ఉండాలి. ఎవరి బంతి వారు తెచ్చుకునేలా మొదటిరోజే చెప్పండి.

మీరు తేవలసినవి రెండు రంగుల బిబ్‌లు (జట్లను వేరుగా గుర్తుపట్టడానికి చొక్కా మీద వేసుకునేవి), ముప్పై నలభై కోన్లు, గాలి పంపు, ప్రథమ చికిత్స పెట్టె, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న కాగితం. ఫోన్‌లో ఉన్నా కాగితం కూడా ఉంచండి, చార్జింగ్ అయిపోయే రోజు ఒకటి వస్తుంది. మోకాలి కింది ఎముకకు దెబ్బ తగలకుండా కాపాడే షిన్‌గార్డులు నియమాల ప్రకారం తప్పనిసరి, మేజోళ్లు వాటిని పూర్తిగా కప్పాలి. చెవిపోగులు, గాజులు, గొలుసులు తీసేయాలి. వాటి మీద టేపు అంటించి ఆడటాన్ని నియమాలు అనుమతించవు. సీజన్ మధ్యలో చెవులు కుట్టించవద్దని తల్లిదండ్రులకు ముందే చెప్పడం ఉభయులకూ మేలు.

అన్ని పనులూ నేనే చేయాలా?

చేయకూడదు. సాధనలో తోడుండే సహాయ కోచ్ ఒకరు, సమాచారం, హాజరు, ఫీజులు, దుస్తులు చూసుకునే నిర్వాహకులు ఒకరు అవసరం. "ఎవరైనా సహాయం చేస్తారా?" అని అందరినీ ఉద్దేశించి అడిగితే ఎవరూ ముందుకు రారు. ఒకరిని పక్కకు పిలిచి, "ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరు రాగలరో కనుక్కుని నాకు చెప్పగలరా?" అని నిర్దిష్టంగా అడిగితే కాదనేవారు తక్కువ. డబ్బు లెక్క మాత్రం కోచ్ చేతిలో కాకుండా నిర్వాహకుల దగ్గరే ఉంచి, ఖర్చు వివరాలను సీజన్ మధ్యలో ఒకసారి అందరికీ పంపాలి.

తల్లిదండ్రుల మొదటి సమావేశంలో ఏం చెప్పాలి?

అరగంట చాలు. పిల్లలందరికీ సమాన సమయం ఆడే అవకాశం ఇస్తారా, గోల్‌కీపర్‌ను ఎలా మారుస్తారు, రాలేకపోతే ఎప్పటిలోగా తెలపాలి, వర్షం వస్తే నిర్ణయం ఎప్పుడు తెలుస్తుంది, మ్యాచ్ సమయంలో గీత పక్కన ఎలా ఉండాలి అన్న విషయాలు చెప్పి, అవే ఒక పేజీలో రాసి పంపండి. సీజన్ మధ్యలో తలెత్తే గొడవల్లో అధిక భాగం ఆడిన సమయం గురించే ఉంటుంది. మొదటి మ్యాచ్‌కు ముందు చెప్పిన నియమాన్ని అందరూ నియమంగానే తీసుకుంటారు. ఫిర్యాదు వచ్చాక అదే మాట చెబితే సాకులా వినిపిస్తుంది.

ఉబ్బసం, మూర్ఛ, అలర్జీల వంటి ఆరోగ్య వివరాలను రాతపూర్వకంగా సేకరించేది కూడా ఇప్పుడే. ఇన్‌హేలర్ వాడే బిడ్డ దానిని ప్రతి సాధనకూ తెచ్చుకోవాలి.

గంట సాధనను ఎలా నడపాలి?

ఆట, సాధన, మళ్లీ ఆట అన్న వరుసను పాటించండి. మొదటి పిల్లవాడు వచ్చేసరికే చిన్న మైదానాలు రెండు గీసి ఉంచి, వచ్చినవారిని వచ్చినట్టే ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురుగా ఆటలోకి పంపండి. దీనివల్ల అందరూ వచ్చేదాకా ఎదురుచూసే పదిహేను నిమిషాలు వృథా కావు, ఆలస్యంగా వచ్చినవారి వల్ల ఎవరి ఆటా ఆగదు. తర్వాత ఇరవై నిమిషాలు ఒకే ఒక్క అంశం, ఉదాహరణకు ఎదుటివారిని తప్పించుకుంటూ బంతిని తీసుకెళ్లడం. చివరి ఇరవై అయిదు నిమిషాలూ రెండు జట్లుగా ఆట. ఆ చివరి ఆటను ఎప్పుడూ కోత పెట్టవద్దు. పిల్లలు వచ్చేది దానికోసమే.

ఒక అభ్యాసాన్ని వివరంగా చెబుతాను, ఎందుకంటే దీనిని అర్థం చేసుకుంటే మిగిలినవి మీరే తయారు చేసుకోగలరు. ముప్పై కోన్లతో పదిహేను గేట్లు పెట్టండి. ప్రతి గేటూ రెండు అడుగుల వెడల్పు, ఎక్కడపడితే అక్కడ చెల్లాచెదురుగా. ప్రతి బిడ్డ దగ్గరా ఒక బంతి. నిమిషంలో ఎన్ని గేట్ల గుండా బంతిని తీసుకెళ్లగలరో ఎవరికి వారే లెక్కపెట్టుకోవాలి, ఒకే గేటును వెంటవెంటనే రెండుసార్లు దాటరాదు. రెండో విడతలో ఎడమ కాలు మాత్రమే. మూడో విడతలో ఇద్దరు పెద్దవారు గేట్లకు అడ్డం తిరుగుతారు, అప్పుడు తల ఎత్తి ఖాళీ గేటును వెతకక తప్పదు. "తల పైకెత్తు" అని మీరు ఒక్కసారి కూడా చెప్పనవసరం లేకుండానే ఆ పని జరుగుతుంది. వరుసలో నిలబడటం లేదు, ఓడిపోయి బయట కూర్చోవడం లేదు. తక్కువ నేర్పు ఉన్న బిడ్డ పోటీ పడేది తన కిందటి లెక్కతోనే.

మైదానం చుట్టూ పరుగులు, పదిమంది వరుసలో ఒక్కొక్కరే గోల్ కొట్టడం, అయిదు నిమిషాల ఉపన్యాసాలు పూర్తిగా మానేయండి. ఆటను ఆపి చెప్పవలసినది ఉంటే అర నిమిషంలో ముగించండి.

మా పిల్లలందరూ గుంపుగా బంతి వెంటే పరుగెత్తుతున్నారు. ఏం చేయాలి?

ఆరేడేళ్ల వయసులో ఏమీ చేయనక్కరలేదు. బంతి అందరికీ కావాలి, అది సహజం. ఆ గుంపులో కాళ్ల మధ్య నుంచి బంతిని బయటికి లాగడం నేర్చుకున్న బిడ్డకు తర్వాతి కాలంలో అది ఎంతో ఉపకరిస్తుంది. "నీ స్థానంలో నిలబడు" అని కట్టడి చేస్తే, వెనక నిలబెట్టిన బిడ్డ గడ్డి పీకుతూ కూర్చుంటుంది. బంతి దగ్గరికి వచ్చేసరికి ఆమె చూపు వేరేచోట ఉంటుంది. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక ముగ్గురి ఆటలు ఎక్కువగా ఆడిస్తే, ఖాళీ చోటికి వెళ్లినవారికే బంతి వస్తుందని వారికే అర్థమవుతుంది.

అందరికీ సమాన సమయం ఇవ్వడం సాధ్యమేనా?

కాగితం మీద ముందే రాసుకుంటే సాధ్యమే, మ్యాచ్ మధ్యలో గుర్తుపెట్టుకుని చేద్దామంటే కాదు. ఏడుగురి ఆట, 25 నిమిషాల చొప్పున రెండు భాగాలు, జట్టులో పదిమంది అనుకుందాం. 50 నిమిషాలను అయిదేసి నిమిషాల పది ఘట్టాలుగా విడగొట్టండి. ఒక్కో ఘట్టంలో ముగ్గురు బయట ఉంటారు. పేర్ల పట్టికలో మొదటి ఘట్టానికి 1, 2, 3. రెండోదానికి 4, 5, 6. మూడోదానికి 7, 8, 9. నాలుగోదానికి 10, 1, 2. ఇలా ముగ్గురు ముగ్గురుగా ముందుకు జరుపుతూ పోతే, మ్యాచ్ ముగిసేసరికి ప్రతి బిడ్డా సరిగ్గా మూడుసార్లు విశ్రాంతి తీసుకుని 35 నిమిషాలు ఆడి ఉంటుంది. ఎవరూ వరుసగా రెండు ఘట్టాలు బయట కూర్చోరు. గోల్‌లో ఉన్నవారి వంతు వస్తే పక్క పేరుతో మార్చుకోవాలి. ఒకరు రాకపోతే తొమ్మిదిమందిలో ఏడుగురికి ఎనిమిదేసి ఘట్టాలు, ఇద్దరికి ఏడేసి వస్తాయి. ఆ ఇద్దరి పేర్లు రాసుకుని వచ్చే వారం సరిచేయండి.

ఈ కాగితాన్ని సహాయ కోచ్ చేతికిచ్చి, మార్పులను వారినే పిలవమనండి. స్కోరు సమానంగా ఉన్న చివరి నిమిషాల్లో బాగా ఆడే బిడ్డను బయటికి పిలవడానికి మనసు ఒప్పదు. కాగితం ఇంకొకరి చేతిలో ఉంటే ఆ చిక్కు రాదు. సాధనకు రానివారికి సమయం తగ్గించాలా అని కొందరు అడుగుతారు. పన్నెండేళ్లలోపు పిల్లలు మైదానానికి తమంతట తాము రారు, ఎవరో తీసుకురావాలి. పెద్దవారి తీరిక లేమికి బిడ్డను శిక్షించడం సరికాదని నా అభిప్రాయం.

గోల్‌కీపర్‌గా ఎవరిని ఉంచాలి?

పదేళ్లలోపు జట్లలో అందరినీ వంతులవారీగా ఉంచండి, ఒక్కో మ్యాచ్‌లో ఒక్కొక్కరు సగం ఆటే నిలబడాలి. బాగా భయపడే బిడ్డను బలవంతపెట్టవద్దు. గోల్ పడిన ప్రతిసారీ ఆ బంతి అంతకుముందు ఆరుగురిని దాటి వచ్చిందన్న సంగతి జట్టుకంతటికీ తెలిసేలా మాట్లాడండి.

తలతో బంతిని కొట్టడం నేర్పవచ్చునా?

చిన్నపిల్లలకు నేర్పవద్దు. అమెరికా సమాఖ్య 2015లో ప్రకటించిన విధానం ప్రకారం 10 ఏళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలు సాధనలోనూ మ్యాచ్‌లోనూ హెడింగ్ చేయరాదు. 11 నుంచి 13 ఏళ్ల వారికి సాధనలో పరిమితి ఉంది. 2020లో ఇంగ్లండ్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ సంఘాలు ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణలో దీనిని ఆపాలని మార్గదర్శకాలు ఇచ్చాయి. మీ లీగ్ నియమం ఇంతకంటే సడలుగా ఉన్నా, మీ జట్టుకు మీరు కఠినమైనదే ఎంచుకోవచ్చు.

గాయాలు, వాతావరణం విషయంలో ఏం తెలిసి ఉండాలి?

అన్నిటికంటే ముందు తల దెబ్బ. స్పృహ తప్పితేనే మెదడు అదిరినట్టు అనుకోవడం పొరపాటు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, చూపు మసకబారడం, అడిగినదానికి తికమకగా బదులివ్వడం, "ఏదోలా ఉంది" అనడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బిడ్డను వెంటనే బయటికి తీసుకురావాలి. ఆ రోజు మళ్లీ ఆడించరాదు. వైద్యుల అనుమతి తర్వాతే తిరిగి రావాలి. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మూర్ఛ వచ్చినా, లేపితే లేవకపోయినా అంబులెన్సును పిలవాలి. "బాగానే ఉన్నాను" అని బిడ్డ చెప్పినా, "ఏం పరవాలేదు" అని తండ్రి అన్నా నిర్ణయం మారకూడదు.

గోల్‌పోస్టులను తనిఖీ చేయడం చాలామంది మరిచిపోతారు. జరపగలిగే గోల్‌పోస్టులు మీదపడి పిల్లలు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. నేలకు గట్టిగా బిగించని గోల్‌ను వాడరాదని 17 ఆట నియమాల్లో మొదటిదే చెబుతోంది. సాధనకు ముందు రెండు చేతులతో ఊపి చూడండి, కడ్డీకి వేలాడటాన్ని పూర్తిగా నిషేధించండి.

ఉరుము వినిపిస్తే ఆట ఆపి, అందరినీ భవనంలోకో మూసిన కారులోకో పంపాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే తిరిగి మొదలుపెట్టాలి. చెట్టు కింద నిలబడటం ఆశ్రయం కాదు. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా నీటి విరామాలు ఇవ్వండి.

7 నుంచి 13 ఏళ్ల పిల్లల కోసం "11 ప్లస్ కిడ్స్" అనే సన్నాహక వ్యాయామాలు ఉన్నాయి. ఒంటికాలిపై నిలబడటం, గెంతి దిగడం, పడటం నేర్చుకోవడం వంటివి అందులో భాగం. నాలుగు ఐరోపా దేశాల్లో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, వీటిని క్రమంగా చేసిన జట్లలో గాయాలు దాదాపు సగానికి తగ్గాయి.

పిల్లల భద్రత కోసం కోచ్ పాటించవలసిన హద్దులు ఏవి?

ఏ పెద్దవారూ ఒక బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు; సాధన అయ్యాక చివరి బిడ్డను తీసుకెళ్లేవారు వచ్చేవరకు ఇద్దరు పెద్దవారు ఆగాలి. మీ బండిలో ఇతరుల బిడ్డను ఒంటరిగా దిగబెట్టవద్దు. సందేశాలు తల్లిదండ్రులకు వెళ్లాలి, నేరుగా పిల్లలకు కాదు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫొటోలు పెట్టరాదు. పూర్వాపరాల తనిఖీని అవమానంగా భావించేవారు ఉంటారు, అది అందరికీ సమానమని చెప్పి ముందుగా మీరే పూర్తి చేసి చూపండి.

గీత పక్క నుంచి అరిచే తల్లిదండ్రులను ఎలా ఆపాలి?

వారిలో ఎక్కువమంది చెడ్డ ఉద్దేశంతో అరవరు. "కొట్టు, కొట్టు!" అని తండ్రి, "పాస్ ఇవ్వు!" అని కోచ్, "వెనక్కి రా!" అని ఇంకెవరో ఒకేసారి అరిస్తే, బంతి కాళ్ల దగ్గర ఉన్న బిడ్డ ఆగిపోయి ముగ్గురి వంకా చూస్తుంది. ఇదే దృశ్యాన్ని మొదటి సమావేశంలో వివరిస్తే చాలామందికి అర్థమవుతుంది. చప్పట్లు కొట్టవచ్చు, ఏం చేయాలో చెప్పవద్దు అన్న ఒక్క నియమం చాలు. అయినా ఆపనివారితో మ్యాచ్ అయ్యాక మర్నాడు ఏకాంతంగా మాట్లాడండి. అందరి ముందూ వద్దు.

రిఫరీ విషయంలో మాత్రం మెతకదనం పనికిరాదు. పిల్లల మ్యాచ్‌లకు వచ్చే రిఫరీల్లో చాలామంది ఇంకా చదువుకుంటున్న కుర్రవాళ్లే. మీ వైపు నుంచి ఎవరైనా వారిని దూషిస్తే ఆటను ఆపమని మీరే కోరి, ఆ వ్యక్తిని అక్కడి నుంచి పంపించాలి.

మా జట్టు ఎనిమిది గోల్స్ తేడాతో గెలుస్తోంది. ఏం చేయాలి?

నాలుగు గోల్స్ తేడా వచ్చినప్పుడే చర్య మొదలుపెట్టాలి. బాగా ఆడేవారిని వెనక్కి పంపండి, గోల్ కొట్టే ముందు అయిదు పాస్‌లు చేయాలనండి, ఎదుటి కోచ్ ఒప్పుకుంటే వారు ఒకరిని అదనంగా దింపుకోవచ్చు. "ఇక గోల్స్ కొట్టకండి" అని మైదానమంతా వినిపించేలా అరవడం మాత్రం ఎదుటి పిల్లలను మరింత చిన్నబుచ్చుతుంది.

స్కోర్లు, పాయింట్ల పట్టిక ఉండాలా?

మీరు లెక్కపెట్టకపోయినా పిల్లలు లెక్కపెడతారు, అందులో తప్పు లేదు. పట్టిక ప్రభావం ఎక్కువగా పెద్దవారి మీదే ఉంటుంది. నార్వేలో క్రీడలన్నిటికీ వర్తించే బాలల హక్కుల నియమాల ప్రకారం, 11 ఏళ్లు వచ్చే సంవత్సరం వరకు ఫలితాల పట్టికలూ ర్యాంకులూ ఉండవు. ఫుట్‌బాల్‌లో ఆ దేశం వెనకబడి ఏమీ లేదు.

ఒక బిడ్డ మైదానంలోకి రానని ఏడుస్తోంది.

గీత పక్కనే కూర్చోనివ్వండి, కోన్లు సర్దే పని ఇవ్వండి, పది నిమిషాల తర్వాత ఒక్కసారి అడగండి. చాలామంది రెండు మూడు వారాల్లో తామే వస్తారు. తల్లి లేదా తండ్రి చేయి పట్టుకుని ఆడినా పరవాలేదు.

నా సొంత బిడ్డ నా జట్టులోనే ఉంది. చిక్కులు వస్తాయా?

వస్తాయి. పక్షపాతం అంటారేమోనన్న భయంతో సొంత బిడ్డ మీద కఠినంగా ఉండటం, ముద్దు చేయడం కంటే ఎక్కువగా జరుగుతుంది. వీలైతే సాధనలో ఆ బిడ్డ ఉన్న చిన్న బృందాన్ని సహాయ కోచ్‌కు అప్పగించండి. ఇంటికి వెళ్లే దారిలో మ్యాచ్ గురించి బిడ్డే ఎత్తితే తప్ప మీరు మాట్లాడవద్దు.

సీజన్ చివరలో ఏం చేయాలి?

బిబ్‌లు, కోన్లు, పంపు లెక్క చూసి లీగ్‌కు అప్పగించండి. మిగిలిన డబ్బు ఏం చేయాలో తల్లిదండ్రులనే అడగండి. బహుమతులు ఇవ్వదలిస్తే ఉత్తమ ఆటగాడు అంటూ ఒకరికే కాకుండా, ప్రతి బిడ్డ గురించి రెండు వాక్యాలు మీ చేత్తో రాసివ్వండి. "ఎడమ కాలితో కొట్టడం సీజన్ మధ్యలో మొదలుపెట్టావు" వంటి నిజంగా చూసిన సంగతి అందులో ఉండాలి. వచ్చే ఏడాది మీరు కొనసాగకపోతే, పిల్లల పేర్లు, సమయ పట్టికల నమూనా, బాగా కుదిరిన అభ్యాసాల జాబితా, మైదానం తాళం ఎవరి దగ్గర ఉంటుందన్న వివరం కొత్త కోచ్‌కు ఇవ్వండి. ఆరోగ్య పత్రాలను మాత్రం ఎవరికీ అందించకుండా చింపేయండి. కొత్త కోచ్ వాటిని తల్లిదండ్రుల నుంచి మళ్లీ తీసుకోవాలి.